బాఖ్ డి మేజర్ టొకాటా: తాళం లేని చోట ఏం చెయ్యాలి?

సముద్రపుగాలి
ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఉండేది విశాఖలో. చిన్నప్పుడు ఆరేళ్లు పియానో నేర్చుకున్నాను. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు వచ్చాక పదిహేనేళ్లు దాని మొహం చూడలేదు. రెండేళ్ల క్రితం డిజిటల్ పియానో కొనుక్కుని మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు టీచరంటూ ఎవరూ లేరు.

ఎనిమిది నెలలుగా జర్మన్ సంగీతకారుడు బాఖ్ రాసిన డి మేజర్ టొకాటా, అంటే బాఖ్ రచనల జాబితాలో బీడబ్ల్యూవీ 912, సాధన చేస్తున్నాను. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బాఖ్ యువకుడిగా ఉన్నప్పుడు కాలి పెడల్ అవసరం లేకుండా, చేతులతోనే వాయించేలా ఏడు టొకాటాలు రాశాడు. బీడబ్ల్యూవీ 910 నుంచి 916 వరకు అవే. ఇది అందులో ఒకటి. వాయించడానికి దాదాపు పన్నెండు నిమిషాలు పడుతుంది. మొదట స్కేళ్లు, అంటే స్వరాల వరసలు, కింద నుంచి పైకి దూసుకెళ్తాయి. తర్వాత రెండు చేతులూ మాట్లాడుకున్నట్టుండే వేగమైన అల్లెగ్రో వస్తుంది, దాని వెనక నెమ్మదైన అడాజియో, ఆ తర్వాత ఎఫ్ షార్ప్ మైనర్‌లో చిన్న ఫ్యూగ్ (ఒకే బాణీని ఒకరి వెనక ఒకరు అందుకున్నట్టు సాగే రచన) లాంటి భాగం. అది అయ్యాక "కొన్ దిస్క్రెజియోనె" అని రాసిన స్వేచ్ఛా భాగం, చివరికి 6/16 తాళంలో గిరగిరా తిరిగే పెద్ద ఫ్యూగ్.

వేగంగా ఉన్నవి ఎలాగో వస్తున్నాయి. మెట్రోనోమ్ పెట్టుకుని రోజుకి కొంచెం పెంచుకుంటూ వెళ్తున్నాను. నా ఇబ్బంది ఆ స్వేచ్ఛా భాగంతో. కాగితం మీద నోట్స్ తక్కువే, వేళ్లకి కష్టమూ కాదు. అయినా నేను వాయిస్తే వినేవాళ్లకి మర్చిపోయి వెతుక్కుంటున్నట్టు వినిపిస్తోంది. మొన్న ఒక చిన్న ఇంటి కచేరీలో వాయించాను. అయిపోయాక ఒకావిడ దగ్గరికొచ్చి, "మధ్యలో టెన్షన్ పడ్డావా అమ్మా?" అని ప్రేమగానే అడిగారు. ఇంటికొచ్చి ఏడ్చాను. లెక్కపెట్టి వాయిస్తే మరబొమ్మలా ఉంటోంది, లెక్క వదిలేస్తే కూలిపోతోంది. "కొన్ దిస్క్రెజియోనె" అంటే "విచక్షణతో" అని మాత్రం తెలుసు. ఆ విచక్షణ ఎక్కడ నేర్చుకోవాలి?

నిద్రలేనిరాత్రి
ఆదివారం, రాత్రి 10:40

నాకు వాయించడం రాదు అక్కా, వినడమే. టొకాటా అంటే ఇంతకాలం నాకు తెలిసింది దెయ్యాల సినిమాల్లో ఆర్గన్ మీద వచ్చే డి మైనర్ ఒక్కటే. మీ పోస్టు చూసి ఇప్పుడే 912 మొత్తం విన్నాను. చివరి ఫ్యూగ్‌లో ఊపిరాడలేదు. ఒక సందేహం. టొకాటా అంటేనే వేళ్ల వేగం చూపించే రచన కదా? అలాంటప్పుడు మధ్యలో ఈ నెమ్మది భాగాలు ఎందుకు?

చర్చికీబోర్డ్_గుంటూరు
ఆదివారం, రాత్రి 11:25

తమ్ముడూ, నువ్వు చెప్పిన డి మైనర్ది 565. పెడల్ ఉన్న ఆర్గన్ రచన. దానికి బాఖ్ చేతిరాత ప్రతి లేదు, అది అసలు బాఖ్‌దేనా అని అనుమానించే పండితులూ ఉన్నారు.

టొకాటా అన్న పేరు "తాకడం" అనే అర్థమున్న ఇటాలియన్ మాట నుంచి వచ్చింది. వేగం అందులో ఒక పార్శ్వం, అంతే. రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి ఆర్గనిస్టుగా ఉన్న ఫ్రెస్కోబాల్ది 1635లో అచ్చువేసిన "ఫియోరి ముసికాలి"లో, పూజలో రొట్టెను పైకెత్తే ఘడియ కోసం రాసిన టొకాటాలున్నాయి. అవి చాలా నెమ్మదిగా, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నట్టు నడుస్తాయి. అదే మనిషి 1627 నాటి రెండో టొకాటాల పుస్తకంలో తొమ్మిదో టొకాటా చివర "శ్రమపడకుండా చివరికి చేరలేం" అని రాసిపెట్టాడు. ఆ టొకాటా చూస్తే ఎందుకలా రాశాడో తెలుస్తుంది, లయలు ఒకదాని మీద ఒకటి పడి చుక్కలు చూపిస్తాయి. కాబట్టి టొకాటాలో రెండూ ఉన్నాయి.

సముద్రపుగాలి గారూ, మీరు ఏడవకండి. మాది లూథరన్ చర్చి. లూథర్ రాసిన "గట్టి దుర్గము" కీర్తనని తెలుగులో పాడే సంఘం మాది. ముప్పై ఏళ్లుగా అక్కడ కీబోర్డు నాదే. పాటకీ పాటకీ మధ్య పాస్టర్ గారు నడిచి వచ్చేదాకా ఏదో ఒకటి వాయిస్తూ ఉండాలి. అది ఎంతసేపో ముందుగా తెలియదు. కార్డు, అంటే కలిపి నొక్కే కొన్ని స్వరాలు, పట్టుకుని, ఆయన అడుగులు చూస్తూ, ఇంకొంచెం సాగదీసి, సరిగ్గా ఆయన నిలబడే వేళకి ముగించాలి. టొకాటాలో తాళం లేని భాగం నాకు ఆ పని లాగే అనిపిస్తుంది. ఎవరి కోసమో కాచుకుని వాయించడం.

ఇంకో మాట. మీ టొకాటా మొదటి స్కేలు చూడగానే నాకు బాఖ్ ఆర్గన్ డి మేజర్ ప్రెల్యూడ్, 532, గుర్తొస్తుంది. అదీ ఇలాగే పైకెక్కే స్కేలుతో మొదలవుతుంది, కాకపోతే అక్కడ కాళ్లతో వాయించాలి.

తీగలమేస్త్రి
సోమవారం, ఉదయం 6:50

నేను పియానోలు శ్రుతి చేసే పని చేస్తాను, సికింద్రాబాద్. హార్ప్సికార్డ్ మన దగ్గర అరుదు. నా జీవితంలో రెండింటికే తీగలు వేశాను. కానీ ఆ రెండూ చాలా నేర్పాయి.

మీరు డిజిటల్ పియానో మీద పియానో స్వరంతోనే సాధన చేస్తున్నారనుకుంటా. అక్కడే సగం ఇబ్బంది. పియానోలో సుత్తి తీగని కొడుతుంది. హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే లోపల సన్నటి చెక్కముక్క లేస్తుంది, దానికి బిగించిన చిన్న ఈక ముక్క తీగని మీటుతుంది. పాతకాలంలో పక్షి ఈకలే వాడేవారు. వీణలో మీటు లాంటిదే. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా శబ్దం దాదాపు ఒకటే, పైగా మోగిన స్వరం తొందరగా తగ్గిపోతుంది. అందుకని వాయించేవాడి చేతిలో మిగిలినవి రెండే: ఎప్పుడు మీటాలి, వేలు ఎప్పుడు తీయాలి. పియానోలో మీరు మెత్తగా, గట్టిగా అంటూ చెప్పగలిగినదంతా అక్కడ కాలంతోనే చెప్పాలి.

కాగితం మీద నిలువుగా ఒక కార్డు ఉంటే, దాన్ని ఒక్కసారిగా నొక్కితే హార్ప్సికార్డ్‌లో కర్ర విరిగినట్టుంటుంది. కింద నుంచి పైకి విప్పి, ఒక్కో స్వరం పేర్చుతూ పోతే అదే పెద్దగా, నిండుగా వినిపిస్తుంది. ఎంత వేగంగా విప్పుతారన్నదే బలం.

ఒక వారం మీ పియానోలో హార్ప్సికార్డ్ స్వరం పెట్టుకుని ఆ భాగం ఒక్కటే వాయించండి. చాలా వాటిల్లో ఆ స్వరానికి వేలి బలంతో పనిలేకుండా శబ్దం సమానంగా వస్తుంది. అప్పుడు మీ చెవి కాలం కోసం వెతుకుతుంది.

పాతరాగాలు
సోమవారం, మధ్యాహ్నం 1:15

వీణ నేర్పుతాను, రాజమహేంద్రవరం. పాశ్చాత్య సంగీతం పెద్దగా తెలియదు. మీ చర్చ చూసి ఆ రచన రెండుసార్లు విన్నాను.

నాకు మొదట తానం గుర్తొచ్చింది. రాగం తానం పల్లవిలో రాగాలాపనకి తాళం లేదు, తానానికి తాళం లేకపోయినా లోపల నడక ఉంది, పల్లవికి తాళం కట్టుదిట్టంగా ఉంది. మీ టొకాటాలో కూడా తాళం లేని చోటూ, తాళానికి గట్టిగా కట్టుబడ్డ ఫ్యూగూ పక్కపక్కనే ఉన్నాయి. పోలిక ఇంతవరకే, రెండూ ఒకటని అనను. మాకు రాగం విప్పుకోవడం ఉంటుంది, మీకు స్వరాల గుంపులు ఒక దాని నుంచి ఇంకో దానికి మారడం ఉంటుంది.

కానీ ఆలాపన నేర్చుకునే పిల్లలు చేసే తప్పే మీరు చెప్పింది. తాళం లేదంటే ఎక్కడైనా ఆగొచ్చనుకుంటారు. ఆగాల్సింది న్యాస స్వరం మీద, అంటే రాగం సహజంగా నిలిచే స్వరం మీద. మిగతా చోట ఆగితే వినేవాడికి మర్చిపోయారనే అనిపిస్తుంది. మీ రచనలో న్యాసం ఏది? అది మీకు తెలుసా?

సముద్రపుగాలి
సోమవారం, రాత్రి 9:30

పాతరాగాలు గారూ, ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడే కాగితం ముందేసుకుని చూశాను. నేను ఆగుతున్న చోట్లన్నీ వేళ్లు మార్చుకోవాల్సిన చోట్లు. సంగీతానికి అవసరమైన చోట్లు కావు. సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

హాంబర్గ్_తెలుగోడు
సోమవారం, రాత్రి 11:58

ఈ చర్చ ఇవాళే చూశాను. "కొన్ దిస్క్రెజియోనె" అన్న మాట వెనక పెద్ద కథ ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

మా ఊరి సంగీత రచయిత మాటెసన్ 1739లో ఒక పెద్ద గ్రంథం వేశాడు. అందులో ఈ మాట ఎందుకు రాస్తారో చెప్తాడు: అక్కడ తాళానికి కట్టుబడనక్కర్లేదు, ఒకసారి నెమ్మదిగా ఒకసారి వేగంగా, మనసుకి తగ్గట్టు వాయించవచ్చు అని. కానీ ఆ మాట అంతకు చాలా ముందే ఫ్రోబెర్గర్ అనే ఆయన రచనల్లో ఉంది. ఫ్రోబెర్గర్ వియన్నా ఆస్థాన ఆర్గనిస్టు. 1637లో రోమ్ వెళ్లి, పైన చెప్పిన ఫ్రెస్కోబాల్ది దగ్గరే నేర్చుకున్నాడు. ఆయన 1667లో చనిపోయాక, చివరి రోజుల్లో ఆయనకి ఆశ్రయమిచ్చిన శిష్యురాలు, సిబిల్లా అనే రాజవంశపు ఆవిడ, ఒక ఉత్తరం రాసింది. ఆయన దగ్గర స్వయంగా నేర్చుకోనివాళ్లు ఈ రచనల్ని ఆయన వాయించినట్టు సరైన "దిస్క్రెషన్"తో వాయించడం అసాధ్యం అని అందులో అంటుంది. చూడండి, సరిగ్గా మీ పేజీలో ఉన్న మాటే.

పాతరాగాలు గారికి ఇది కొత్తగా అనిపించదు. గురుముఖంగా వస్తే తప్ప రాదన్నమాట.

మరి బాఖ్‌కి ఎవరు నేర్పారు? ఆయన పుట్టేనాటికే ఫ్రోబెర్గర్ పోయి పద్దెనిమిదేళ్లు. పదేళ్లు నిండేలోపే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. ఓర్‌డ్రుఫ్‌లో ఆర్గనిస్టుగా ఉన్న పెద్దన్నయ్య యోహాన్ క్రిస్టోఫ్ ఇంట్లో పెరిగాడు. అన్నయ్య దగ్గర ఫ్రోబెర్గర్, కెర్ల్, పాహెల్‌బెల్ రచనలున్న ఒక నోటుపుస్తకం ఉండేది. అడిగినా ఇవ్వలేదు. బీరువా తలుపు జాలీ తలుపు. చిన్నవాడి చెయ్యి అందులో దూరేది. రాత్రిళ్లు పుస్తకాన్ని చుట్టగా చుట్టి బయటికి లాగి, దీపం లేక వెన్నెల్లో, ఆరు నెలల పాటు ఎత్తి రాసుకున్నాడు. అన్నయ్యకి తెలిసింది. రాసుకున్న ప్రతి లాక్కున్నాడు. బాఖ్ చనిపోయాక 1754లో అచ్చయిన సంస్మరణ వ్యాసంలో ఉందిది. రాసినవాళ్లలో ఆయన కొడుకు కూడా ఒకరు.

ఇంక ఇది వినండి. బాఖ్ టొకాటాల్లో ఒక్కదానికీ ఆయన సొంత చేతిరాత ప్రతి మిగల్లేదు. అవి మనదాకా వచ్చింది ఇతరులు ఎత్తి రాసుకున్న పుస్తకాల వల్ల. అందులో ముఖ్యమైనవి రెండు, మ్యోల్లర్ ప్రతి, ఆండ్రియాస్ బాఖ్ పుస్తకం. ఆ రెండింటినీ ప్రధానంగా రాసిన చెయ్యి ఎవరిదనుకున్నారు? అదే అన్నయ్యది, యోహాన్ క్రిస్టోఫ్‌ది. మీ డి మేజర్ టొకాటా మొదటి రూపం, 912ఎ, మ్యోల్లర్ ప్రతిలో ఉంది. తమ్ముడు వెన్నెల్లో రాసుకున్న కాగితాలు లాక్కున్న మనిషే, కొన్నేళ్లకి తమ్ముడి సంగీతాన్ని కూర్చుని ఎత్తి రాసుకున్నాడు. నాకు ఈ సంగతి తెలిసిన రోజు చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

చర్చికీబోర్డ్_గుంటూరు
మంగళవారం, ఉదయం 5:40

హాంబర్గ్ గారూ, నిద్ర లేవగానే ఇది చదివాను. మనసు నిండింది.

ల్యూబెక్ సంగతి కూడా చెప్పాలి. 1705లో బాఖ్‌కి ఇరవై ఏళ్లు. ఆర్న్‌ష్టాట్‌లో చర్చి ఆర్గనిస్టు. నాలుగు వారాలు సెలవడిగి, నాలుగు వందల కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న ల్యూబెక్‌కి కాలినడకన వెళ్లాడు, ముసలి బుక్స్‌టెహూడె వాయింపు వినడానికి. వెళ్లినవాడు దానికి నాలుగింతలు ఉండి వచ్చాడు. బుక్స్‌టెహూడె ఆర్గన్ రచనల్లో ఈ స్వేచ్ఛా భాగాలూ ఫ్యూగులూ ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. మీ టొకాటా ఆకారం ఆ ఇంటిదే.

తిరిగొచ్చాక 1706 ఫిబ్రవరిలో చర్చి పెద్దలు పిలిపించి అడిగారు. సెలవు సంగతి ఒకటైతే, కీర్తనల మధ్య వింత మార్పులు చేస్తున్నావు, పరాయి స్వరాలు కలుపుతున్నావు, సంఘం తికమకపడుతోంది అన్నది రెండోది. నేను ఇది మొదటిసారి చదివినప్పుడు బాఖ్ మీద ఇష్టం ఇంకా పెరిగింది. ఆయన విన్నది ఆయన వేళ్లలోకి దిగిపోయింది. ఆదివారం కీర్తనలో కూడా దాచుకోలేకపోయాడు.

హాంబర్గ్_తెలుగోడు
మంగళవారం, మధ్యాహ్నం 3:05

ల్యూబెక్ మాకు రైల్లో గంట లోపే. బుక్స్‌టెహూడె ఆర్గనిస్టుగా ఉన్న అక్కడి మేరీ చర్చికి మూడుసార్లు వెళ్లాను. బుక్స్‌టెహూడె వాయించిన ఆర్గన్లు ఇప్పుడు లేవు, పెద్దదాన్ని పంతొమ్మిదో శతాబ్దంలోనే మార్చేశారు, చిన్నది 1942 మార్చిలో బాంబు దాడిలో కాలిపోయింది. ఆ రాత్రి గోపురం నుంచి కిందపడి పగిలిన గంటల్ని పడ్డచోటే అలాగే ఉంచారు. నేలలో దిగబడి ఉంటాయి. వాటి ముందు నిలబడితే, ఆ ఇరవై ఏళ్ల కుర్రాడు విన్న ధ్వని మనకిక దొరకదని అర్థమవుతుంది. కాగితం ఒక్కటే మిగిలింది. అందుకే సముద్రపుగాలి గారి ప్రశ్న నాకు పెద్ద ప్రశ్నగానే కనిపిస్తుంది.

తీగలమేస్త్రి
మంగళవారం, రాత్రి 8:20

ఎఫ్ షార్ప్ మైనర్ భాగం గురించి శ్రుతి చేసేవాడిగా ఒక మాట.

తంబుర మీటినప్పుడు షడ్జం తీగలోంచి అంతర గాంధారం దానంతటదే వినిపిస్తుంది కదా, ఆ శుద్ధమైన దూరం 386 సెంట్లు (స్వరాల మధ్య దూరాన్ని కొలిచే చిన్న కొలత). ఇప్పటి పియానోలో మేజర్ కార్డుల్లో దేన్ని తీసుకున్నా ఆ దూరం 400. అన్నీ సమానంగా కొంచెం తప్పే. ఆ కాలపు జర్మన్ పద్ధతుల్లో ఒకటి, వెర్క్‌మైస్టర్ చెప్పినది, తీసుకుని లెక్కవేస్తే డి మేజర్‌లో 396 వస్తుంది. ఎఫ్ షార్ప్ మైనర్‌లో మాటిమాటికీ తగిలే సి షార్ప్ మేజర్ కార్డులో 408. అంటే డి మేజర్ వెలుతురులోంచి ఆ భాగంలోకి వెళ్లగానే కార్డులు గరుకుగా, నొప్పిగా మారతాయి. మీ పియానో సెట్టింగుల్లో వెర్క్‌మైస్టర్ శ్రుతి ఉందేమో చూడండి, కొన్నింటిలో ఉంటుంది. పెట్టుకుని వినండి. ఆ గరుకు నుంచి బయటపడటానికి దారి వెతుకుతున్న మనిషిలా వినిపిస్తుంది మీ స్వేచ్ఛా భాగం.

నిద్రలేనిరాత్రి
మంగళవారం, రాత్రి 11:10

మేస్త్రి గారు చెప్పింది చదివి మళ్లీ విన్నాను. రెండు రికార్డింగులు పక్కపక్కన పెట్టుకున్నా: ఏంజెలా హ్యూయిట్ పియానో మీద, మహాన్ ఎస్ఫహానీ హార్ప్సికార్డ్ మీద. గ్లెన్ గూల్డ్ కూడా ఏడూ పియానో మీద రికార్డు చేశాడని తెలిసింది, రేపు వింటాను. ఒకే నోట్స్, కానీ ఆ స్వేచ్ఛా భాగం దగ్గర ఇద్దరూ పూర్తిగా వేరే దారుల్లో వెళ్లారు. ఇద్దరివీ వింటుంటే తడబాటు అనిపించలేదు. ఎందుకో చెప్పలేను.

పాతరాగాలు
బుధవారం, ఉదయం 7:00

ఎందుకంటే బాబూ, ఇద్దరికీ ఎక్కడికి వెళ్తున్నారో తెలుసు. మాట్లాడేవాడు మాట మధ్యలో ఆగినా, వాక్యం ఎటు పోతోందో వాడికి తెలిస్తే మనం కాచుకుంటాం. తెలియకపోతే మనకే కంగారు.

సముద్రపుగాలి గారికి ఒక సాధన. వాయించకండి. పాడండి. పై స్వరం ఒక్కటి ముందు, తర్వాత కింది స్వరం ఒక్కటి. గొంతుకి వేళ్ల కష్టం తెలియదు కాబట్టి అది సరైన చోటే ఊపిరి తీసుకుంటుంది. ఊపిరి తీసుకున్న చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. నా శిష్యులకి వర్ణం నుంచి ఆలాపన దాకా ఇదే చెప్తాను.

చర్చికీబోర్డ్_గుంటూరు
బుధవారం, రాత్రి 10:30

అమ్మగారు చెప్పినదానికి తోడుగా ఫ్రెస్కోబాల్ది మాటలు. ఆయన మొదటి టొకాటాల పుస్తకం 1615లో రోమ్‌లో వచ్చింది. తర్వాతి ముద్రణ ముందుమాటలో వాయించేవాళ్లకి సూచనలు రాశాడు. నాకు గుర్తున్నవి నా మాటల్లో చెప్తాను. తాళం ఒకేలా ఉండక్కర్లేదు, ఆ కాలపు మాడ్రిగల్ పాటల్లో మాటల భావాన్ని బట్టి ఒకచోట మందగించి ఒకచోట చురుకైనట్టు ఇక్కడా చెయ్యాలి. టొకాటా మొదలు నెమ్మదిగా, కార్డులు విప్పుతూ వాయించాలి. వాద్యం ఖాళీ పడిపోకుండా పట్టి ఉంచిన స్వరాన్ని మళ్లీ మీటవచ్చు. వేగంగా సాగే స్వరాల పరుగు చివరి స్వరం దగ్గర, అది చిన్న స్వరమైనా సరే, కాస్త నిలవాలి. లేకపోతే ఒక పరుగు ఇంకో పరుగులో కలిసిపోతుంది.

చివరి సూచనే మీకు కావలసిందని నా నమ్మకం. పరుగు అయ్యాక నిలవడం. మీరు పరుగు మధ్యలో వేలు మార్చుకునే చోట నిలుస్తున్నారు.

నేను చేసేది చెప్తాను. ముందు పరుగులన్నీ తీసేసి కింద ఉన్న కార్డులు మాత్రం, కీర్తన వాయించినట్టు సమానమైన తాళంలో నొక్కండి. నాలుగైదు రోజులు అంతే. ఏ కార్డు బిగువుగా ఉందో, ఏది విడుదల ఇస్తుందో చేతికి తెలియాలి. బిగువు ఉన్నచోట కాలం పెంచండి, విడుదలయ్యాక దాచుకోకుండా ముందుకి పోనివ్వండి. తర్వాత పరుగులు తిరిగి చేర్చండి.

సముద్రపుగాలి
తర్వాతి సోమవారం, రాత్రి 11:45

వారం గడిచింది. జరిగింది రాస్తున్నాను.

మొదటి మూడు రోజులు వాయించలేదు, పాడాను. పెద్దపాప వచ్చి "ఏం పాటమ్మా ఇది?" అంది. పాట కాదు, కానీ పాడుతుంటే ఒక చోట నా గొంతు దానంతటదే ఆగింది. చూస్తే అది నేను ఎప్పుడూ ఆగకుండా దాటేసే కార్డు. బిగువంతా అందులోనే ఉంది. నేను ఆగే చోట్లు ఏడు, గొంతు ఆగిన చోట్లు మూడు. ఏడుకి ఏడూ తప్పే.

వేళ్ల నంబర్లు మొత్తం మార్చాను. ఎనిమిది నెలల అలవాటు, రెండు రోజులు చేతులు మొండికేశాయి. తర్వాత కార్డులు మాత్రం, గుంటూరు గారు చెప్పినట్టు. హార్ప్సికార్డ్ స్వరం పెట్టాక నిలువు కార్డులు నొక్కడం నా వల్ల కాలేదు, చెయ్యి దానంతట అదే విప్పడం మొదలుపెట్టింది. వెర్క్‌మైస్టర్ శ్రుతి నా పియానోలో ఉంది! ఎఫ్ షార్ప్ మైనర్‌లోకి వెళ్లగానే పళ్లు జివ్వుమన్నాయి. ఇన్నాళ్లూ ఆ భాగాన్ని అందంగా వాయించాలని చూశాను. అది అందం కోసం లేదు అక్కడ.

నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక లైటు తీసేసి వాయించాను. వెన్నెల్లో రాసుకున్న పిల్లాడు గుర్తొచ్చి. స్వేచ్ఛా భాగం ఇంకా పూర్తిగా కుదరలేదు. కానీ చివరి కార్డు మీద నిలబడి ఉన్నప్పుడు, 6/16 ఫ్యూగ్ మొదటి స్వరాలు ఎప్పుడు మొదలుపెట్టాలో నాకు తెలిసింది. లెక్కపెట్టలేదు.

పాతరాగాలు
మంగళవారం, ఉదయం 6:10

రికార్డు చేసి పెట్టమ్మా. ఆ మూడు చోట్లు ఏవో చెప్పొద్దు. విని నేనే చెప్తాను.

సముద్రపుగాలి
మంగళవారం, ఉదయం 6:25

ఈ శనివారం పెడతాను. ఫ్యూగ్ చివర స్వరాలు రెట్టింపు వేగానికి మారే చోట ఎడమ చెయ్యి ఇంకా వెనకబడుతోంది. అది వదిలేసి మిగతాది వినండి.